కొనబోవు ఇంటిని చూచునప్పుడు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిన మాట అందరెరిగినదే. కట్టిన ఇంటిని కొనుట సులభమని తలచిరో ఏమో, దానిని గూర్చి వారేమియు చెప్పలేదు. ఒక ఉద్యోగి ఇరువది యేండ్లు కూడబెట్టిన సొమ్ము, బ్యాంకు ఇచ్చు ఋణము, ఇల్లాలి మెడలోని బంగారము, ఇవన్నియు ఒక్క సంతకముతో చేతులు మారును. అంతటి బేరమునకు మనము వెచ్చించు కాలమెంత? ఒక ఆదివారము ఉదయమున అరగంట. అందులో పది నిమిషములు అమ్మువారు ఇచ్చు కాఫీకే సరిపోవును.

ఆ అరగంటలో మనము గదులను లెక్కింతుము, వంటగదిని మెచ్చుకొందుము, పూజకు చోటున్నదా అని చూతుము. అవి అక్కరలేదనను. కాని విజయవాడలోను, కృష్ణా డెల్టాలోను ఇల్లు చూడబోవువారు మొదట చూడవలసినది ఇంటిని కాదు, నీటిని.

ఈ నగరము రెండు నీళ్ళ నడుమ ఉన్నది. దక్షిణమున కృష్ణ, ఉత్తరమున బుడమేరు. మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు ఈ వాగు ఉన్నదన్న సంగతియే ఏడాదిలో చాల నెలలు మనకు గుర్తుండదు. దాని వరదను వెలగలేరు వద్ద మళ్ళించి కృష్ణలో కలుపుటకు ఒక కాలువ ఉన్నది. అయితే కృష్ణయే పొంగి పారునప్పుడు ఆ నీరు దిగుటకు చోటు చాలదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట ఈ రెండును ఒక్కసారి పొంగినవి. ప్రకాశం బారేజి వద్ద కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పారినది. అదే సమయమున బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి, సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురము మున్నగు పేటలు రోజుల తరబడి నీట నిలిచినవి. నదికి ఆనుకొనియున్న కృష్ణలంకను మాత్రము రక్షణగోడ చాలవరకు కాపాడినది. ఏటి ఒడ్డువాడు తప్పించుకొనెను. ఏరు కంటికి కనబడనివాడు మునిగెను. కనుక “మాకు కృష్ణ దూరమండీ” అను మాట విని నిశ్చింతపడరాదు.

నీరు వచ్చి పోయిన ఇల్లు ఆ సంగతిని పూర్తిగా దాచలేదు. గోడలకు రంగు వేయించుట సులభము. కాని అలమరల అడుగు చెక్కలు ఉబ్బి పొరలు విడినవేమో చూడుడు. స్విచ్చి బోర్డులు, కరెంటు మీటరు పాత చోటు వీడి పైకి ఎక్కినవేమో చూడుడు. మెట్ల క్రింది చీకటి మూల, సంపు మూత లోపలి అంచు, ప్రహరీ వెలుపలి ముఖము, ఇవి రంగు వేయువాని కుంచె సాధారణముగా పోని చోట్లు. నడుము ఎత్తువరకే కొత్త రంగున్న గోడ కనబడినచో అది అలంకారము కొరకు వేసినది కాదని గ్రహింపుడు.

అన్నిటికంటె నమ్మదగిన సాక్షి పొరుగిల్లు. మేము రైలు కట్టకు ఉత్తరమున ఒక ఇల్లు చూడబోయినప్పుడు గోడలను తట్టి, తడిమి పరీక్షించుచుంటిమి. ప్రక్క యింటి ముందు కూర్చుండియున్న ముసలమ్మ కొంతసేపు చూచి, “గోడలకేసి చూస్తారేం బాబూ, ఈ జామచెట్టు చూడండి. ఇదిగో, ఈ కొమ్మదాకా వచ్చినయ్ నీళ్ళు” అన్నది. ఆ కొమ్మ నా భుజమునకు వచ్చుచున్నది.

ఇంటి తరువాత వీధి. పాత రోడ్డును త్రవ్వక దానిపైననే కొత్త పొర వేయుట మన ఊళ్ళలో తరచుగా జరుగునదే. ఒకనాడు వీధికి రెండడుగుల ఎత్తున కట్టిన ఇంటి గచ్చు నేడు వీధికంటె పల్లమున పడి యుండవచ్చును. మీరు గుమ్మములోనికి మెట్లెక్కి వచ్చితిరా, దిగి వచ్చితిరా? ఈశాన్యము పల్లముగా ఉన్నదా అని వాస్తు చూచువారు ప్రహరీ లోపల కొలుతురు. నాకు వారితో తగవు లేదు. కాని ప్రహరీలోపలి వాలు జానెడు, వీధి వాలు నిలువెడు కావచ్చును. వాననీరు రెండవదానినే అనుసరించును. అందుచేత ఇంటిని ఒకసారి ఎండలో చూచినచో, రెండవసారి పెద్దవాన వెలిసిన గంటకు పోయి చూడవలెను. గొడుగు పట్టుకొని ఇల్లు చూడబోయిన వానిని చూచి నవ్వుదురు. నవ్వనిండు.

నేల సంగతియు నీటి సంగతియే. డెల్టాలో చాలచోట్ల నల్లరేగడి. అది వానకు ఉబ్బును, వేసవికి కుంచించి నెర్రెలు విచ్చును. దానిపై తేలిక పునాదితో నిలిచిన ఇల్లు ఏడాదికొకసారి ఊపిరి పీల్చి వదలుచుండును. పూతలోని వెంట్రుకవంటి పగులుకు వెరవనక్కరలేదు. కిటికీ మూలనుండి ఏటవాలుగా, ఇటుకల వెంట మెట్లుమెట్లుగా దిగు పగులు వేరు. రూపాయి బిళ్ళ అంచు అందులో దూరినచో ఇంజనీరును పిలువక బేరము సాగింపరాదు. తలుపు వానాకాలమున బిగిసినచో అది కొయ్య గుణము. నడివేసవిలోను బిగిసినచో ద్వారబంధము ఒరిగినదేమోనని అనుమానింపవలెను. ఇట్టి నేలల కొరకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఒక పునాది పద్ధతిని రూపొందించినది. నేలను లోతుగా తొలిచి, అడుగున కుండవలె వెడల్పు చేసి, అందు కాంక్రీటు పోయుదురు. తేమ అంతగా మారని లోతున అది పట్టు చిక్కించుకొనును. ఏ పునాది వేసిరో అమ్మువారికి తెలియకున్నచో, కట్టిన మేస్త్రి ఊరిలో ఉన్నాడేమో విచారింపుడు.

సముద్రపు దాపున, దివిసీమ, బందరు ప్రాంతములలో మరియొకటి చూడవలెను. అచ్చట చాలచోట్ల భూగర్భజలము ఉప్పన. ఆ నీరు సిమెంటులో కలిసినచో లోపలి ఇనుము త్వరగా తుప్పుపట్టును. గోడల అడుగున తెల్లని పొడి రాలుచున్నదా, శ్లాబు అడుగున పెచ్చులూడి కమ్మీ కనబడుచున్నదా అని తలయెత్తి చూడుడు. మనము తలయెత్తునది సాధారణముగా ఫ్యానును చూచుటకే.

కొండప్రక్క ఇండ్లు మునగవు. కాని 2024 ఆగస్టు 31న మొగల్రాజపురమున కొండచరియలు ఇండ్లపై విరిగిపడి ప్రాణములు పోయినవి. కొండ అంచున ఇల్లు కొనువారు ఇంటి వెనుకకు పోయి పైకి చూడవలెను.

కాగితముల సంగతి న్యాయవాదికి అప్పగింపుడు. ముప్పది యేండ్ల ఈసీ, లింకు దస్తావేజులు, ప్లాను మంజూరు ఆయనయే చూచును. ఒక్కటి మాత్రము మీరే అడుగుడు: ఆ సర్వే నంబరు పాత గ్రామపటములో ఏమై యున్నది? కానూరు, పోరంకి, పెనమలూరు వైపు నిన్నటి పొలములు నేటి కాలనీలు. పొలమైనచో సరే, పటములో వాగుగానో చెరువుగానో ఉన్నచో, పట్టా ఎవరి పేరనున్నను వాననీరు తన పాత చోటును వెదకుకొనుచు వచ్చును.

మునిగిన ఇంటిని కొననే కూడదని నేననను. పై అంతస్తు కావచ్చును; గచ్చు ఎత్తు పెంచుటకు వీలుండవచ్చును; అందులకగు ఖర్చు ధరలో తగ్గవచ్చును. తెలిసి కొనుట వేరు, తెలియక కొనుట వేరు.

ఇందాకటి ఇంటి సంగతి మిగిలియున్నది. జామచెట్టు మాట ఎత్తగానే ఇంటి యజమాని కొంతసేపు ఊరకుండి, మమ్ములను డాబా మీదికి తీసికొనిపోయెను. వరదలో తానును, భార్యయు, కుమార్తెయు మూడు రాత్రులు గడపిన చోటు చూపెను. క్రిందికి దిగునప్పుడు, “అడిగారు గనుక చెప్పానండీ. సాయంత్రం ఇంకొకరు చూడటానికి వస్తున్నారు. దయచేసి వాళ్ళతో అనకండి. ఈ ఇల్లు అమ్మితేగాని అమ్మాయి పెళ్ళి కాదు” అనెను.

మేము ఆ ఇల్లు కొనలేదు. ఆయనకు ఏమి బదులు చెప్పవలెనో తోచక వీధిలోనికి వచ్చితిమి. జామచెట్టు క్రింద ఆ ముసలమ్మ ఇంకను కూర్చుండియే యున్నది.