మూడేళ్లలోపు పిల్లలు టాయిలెట్ అంటే భయపడుతుంటే ఏం చేయాలి?

ఈ రోజు ఎపిసోడ్ గూడూరు నుంచి వచ్చిన ఒక ప్రశ్న మీద. తిరుపతి వైపు గూడూరు కాదండీ, మన బందరు రోడ్డు మీద ఉన్న గూడూరు. అక్కడి నుంచి ఒక అమ్మ అడిగారు. బాబుకి రెండున్నరేళ్లు. ఉచ్చకి చెప్తాడు, కానీ దొడ్డికి మాత్రం టాయిలెట్‌లోకి తీసుకెళ్తే కాళ్లు రెండూ బిగదీసి ఏడుపు. బయటికి తెస్తే మంచం వెనక్కి వెళ్లి నిలబడి నిక్కర్‌లోనే వెళ్తాడు. ఒక్కోసారి నాలుగు రోజులైనా వెళ్లడు. "మా అత్తయ్యగారేమో రెండు తగిలిస్తే దారికొస్తాడంటున్నారు. అంగన్‌వాడీకి పంపే టైమ్ వస్తోంది, ఏం చేయమంటారు?" అని.

ముందు ఒక్క మాట. ఇది మొండితనం కాదండీ, భయం. భయపడే పిల్లాడిని కొడితే, ఉన్న భయానికి ఇంకో భయం తోడవుతుంది. ఇందులో సాధారణంగా రెండు భయాలుంటాయి. ఒకటి నొప్పి భయం, రెండోది చోటు భయం. మనం ఎప్పుడూ రెండోదాని గురించే ఆలోచిస్తాం. కానీ మొదటిది తీరకుండా రెండోది తీరదు.

నొప్పి సంగతి చూద్దాం. ఎప్పుడో ఒకసారి, జ్వరం వచ్చినప్పుడో, నీళ్లు సరిగ్గా తాగనప్పుడో, దొడ్డికి గట్టిగా వచ్చి నొప్పి పుట్టి ఉంటుంది. పిల్లాడు అది గుర్తుపెట్టుకుంటాడు. మళ్లీ వస్తున్నట్టు అనిపించగానే బిగబట్టేస్తాడు. లోపల ఆగిన కొద్దీ పెద్దపేగు అందులో నీటిని లాగేస్తుంది. అది ఇంకా గట్టిపడుతుంది, ఇంకా పెద్దదవుతుంది. ఈసారి ఇంకా ఎక్కువ నొప్పి. ఇక మునివేళ్ల మీద నిలబడటం, కాళ్లు మెలిపెట్టడం, మొహం ఎర్రగా చేసుకోవడం మొదలవుతాయి. మనం "పాపం, ముక్కుతున్నాడు" అనుకుంటాం. చాలాసార్లు వాడు ముక్కడం లేదండీ, ఆపుకుంటున్నాడు. కొంతమందికి నిక్కర్‌కి కొంచెం కొంచెం అంటుతూ ఉంటుంది. అది బద్ధకం కాదు. లోపల గట్టిగా నిండిపోయి, పక్కల నుంచి పలచటిది కారుతుంది.

అందుకని మొదటి పని టాయిలెట్ అలవాటు కాదు, దొడ్డికి మెత్తగా వచ్చేలా చూడటం. చాలా ఇళ్లలో పిల్లాడు అన్నం తినడం లేదని సీసా నిండా పాలు పడతారు. రోజు మొత్తం మీద అర లీటరు మించకుండా చూసుకోండి. పాలతో కడుపు నిండితే పప్పూ కూరా లోపలికి పోవు. మైదా బిస్కెట్లు తగ్గించండి. బాగా మగ్గిన అరటిపండు, బొప్పాయి, మెత్తటి జామపండు గింజలు తీసి, తోటకూర పప్పు, రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష మెత్తగా నలిపి పెట్టండి. నీళ్లు కొంచెం కొంచెంగా, రోజంతా ఇవ్వండి. అప్పటికే గట్టిపడిపోయి ఉంటే తిండి ఒక్కటే చాలదు. పిల్లల డాక్టర్ మెత్తబడటానికి మందు రాస్తారు. బాగయిందని నాలుగు రోజులకే మానేయకుండా, వాళ్లు చెప్పినన్నాళ్లూ వాడండి.

ఇంకోటి, పెద్దవాళ్లు తమలపాకు తొడిమకి ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం చేస్తుంటారు. దయచేసి వద్దండీ. సబ్బు లోపల మండుతుంది. పైగా ఏ చోట నొప్పి అని పిల్లాడు భయపడుతున్నాడో, మళ్లీ అక్కడే చేయి పెట్టినట్టవుతుంది.

ఇప్పుడు చోటు సంగతి. మన వైపు పల్లపు నేల కదా, వానాకాలం నీళ్లు నిలుస్తాయని మెరక చేసి, మెట్లు పెట్టి, పెరట్లో ఓ మూల టాయిలెట్ కట్టినవి చాలా ఉంటాయి. లోపల చీకటి, గోడ మీద బల్లి, మూలన బొద్దింక. మధ్యలో ఆ గుంట. మనకి అది చిన్నదే, రెండున్నరేళ్లవాడికి పెద్దది. పాదాలు పెట్టే చోట్లు వాడి కాళ్లకి మరీ దూరం. నీళ్లు పోస్తే పెద్ద చప్పుడు, పడింది కనపడకుండా పోతుంది. "నేనూ అలాగే పోతానేమో" అని ఆ వయసు పిల్లలు నిజంగానే అనుకుంటారు.

మన అమ్మమ్మలు ఏం చేసేవాళ్లు? కాళ్లు చాపుకుని కూర్చుని, పాదాల మీద పిల్లాడిని కూర్చోబెట్టేవాళ్లు. మోకాళ్లు పైకి వస్తాయి, కింద ఆధారం ఉంటుంది, ఎదురుగా అమ్మ మొహం ఉంటుంది. అందులో మంచి అంతా ఉందండీ. ఆ మూడింటినీ టాయిలెట్ దాకా తీసుకెళ్లాలి, అంతే.

ఎలా అంటే, మెల్లగా. ముందు ఒక చిన్న పాటీ సీటు, పాదాలు నేలకి ఆనేది, వాడు వెళ్లి దాక్కునే ఆ మంచం వెనకే పెట్టండి. మొదట్లో నిక్కర్‌తోనే కూర్చోనివ్వండి. అన్నం తిన్న అరగంటలోపు పేగులు సహజంగా కదులుతాయి, ఆ టైమ్‌లో కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు చాలు. రాకపోతే "సరే నాన్నా, తర్వాత చూద్దాం" అని లేపేయండి. అలవాటయ్యాక పాటీని కొన్ని రోజులకోసారి టాయిలెట్ వైపు కొంచెం కొంచెం జరపండి. గుమ్మం దగ్గర కొన్నాళ్లు, లోపల కొన్నాళ్లు. భయపడితే ఒక అడుగు వెనక్కి. ఇది వారాలు పట్టే పని, కంగారు పడకండి.

పాటీలో వచ్చింది వాడి ముందే టాయిలెట్‌లో పోయండి. చెంబుతో నీళ్లు వాడినే పోయనివ్వండి, "టాటా" చెప్పనివ్వండి. చప్పుడు వాడి చేతిలో ఉంటే భయం తగ్గుతుంది. చప్పుడుకే బెదిరేవాడైతే వాడు బయటికి వచ్చాక పోయండి. ఇందులో ఇంకో లాభం ఉంది. చిన్నపిల్లలదే కదా అని చాలామంది కాలవ గట్టునో, మురుగు కాలవలోనో పారేస్తారు. మన డెల్టాలో ఆ కాలవ నీళ్లే మంచినీళ్ల చెరువులకి వెళ్తాయి. పిల్లలదైనా రోగాలు తెచ్చేదే. టాయిలెట్‌లోనే పోసి, మీ చేతులూ వాడి చేతులూ సబ్బుతో కడగండి.

ఇక పెద్ద టాయిలెట్. ఇండియన్ టైప్ అయితే మీరు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని రెండు చేతులూ పట్టుకోండి. కాళ్లు అందేదాకా పాటీనే వాడినా తప్పు లేదు. వెస్టర్న్ అయితే పైన చిన్న రింగు, కాళ్ల కింద పీట తప్పనిసరి. కాళ్లు గాల్లో వేలాడితే వాడికి పడిపోతానన్న భయం, ముక్కడానికి బలమూ ఉండదు. లోపల లైటు వేయండి, బల్లిని తోలేసి ఆ తర్వాత తీసుకెళ్లండి.

మాటలు కూడా జాగ్రత్త. "ఛీ, కంపు" అనొద్దు. అన్నం తినడానికి "బాత్‌రూమ్‌లో బూచాడున్నాడు" అని చెప్పి, తర్వాత అదే బాత్‌రూమ్‌లోకి రమ్మంటే ఎలా వస్తాడండీ? "మీ బాబాయిగారి పాపని చూడు" అని పోలికలు వద్దు. కూర్చున్నందుకే మెచ్చుకోండి, వచ్చినందుకు మాత్రమే కాదు.

వయసు గురించి కూడా చెప్తాను. 1962లో బ్రేజల్‌టన్ అనే అమెరికా పిల్లల డాక్టర్ 1,170 మంది పిల్లల వివరాలతో ఒక వ్యాసం రాశారు. బలవంతం చేయకుండా, పిల్లలు ఆసక్తి చూపించేదాకా ఆగితే, సగటున 28 నెలల ప్రాంతంలో పగటి అలవాటు వచ్చింది. సగటు అంటే కొంతమందికి అంతకంటే ముందే, కొంతమందికి ఇంకా ఆలస్యంగా అనుకోండి. మీ బాబు వెనకబడలేదమ్మా. అంగన్‌వాడీలో టీచర్‌కీ ఆయాకీ సంగతి ముందే చెప్పండి, ఇంట్లో వాడే మాటే వాళ్లనీ వాడమనండి.

కానీ కొన్ని గుర్తులుంటే ఆగకండి. పుట్టినప్పటి నుంచే దొడ్డికి ఇబ్బంది, రక్తం పడటం, పొట్ట ఉబ్బి వాంతులు, బరువు పెరగకపోవడం, కాళ్లలో బలహీనత. వీటిలో ఏది కనిపించినా వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఊళ్లో ఏఎన్ఎంని అడిగినా, బందరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లినా సరే.

అత్తయ్యగారికి నా మాటగా ఒకటి చెప్పండి. ఆవిడ తన పిల్లల్ని పాదాల మీద కూర్చోబెట్టినప్పుడు ఎవరూ ఎవర్నీ కొట్టలేదు కదా. ఆ ఓపికే ఇప్పుడూ కావాలి. రోజుకి ఐదు నిమిషాలు మనవడి ఎదురుగా కూర్చునే పని ఆవిడకే అప్పగించండి. వచ్చే ఎపిసోడ్‌లో రాత్రిళ్లు పక్క తడిపే పిల్లల గురించి మాట్లాడుకుందాం.