సహవాసం – యువతలో మద్యతృష్ణ



ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని తెలుగువారి సామెత. మద్యం విషయంలో ఇది మరింత నిజం. ఏ యువకుడూ దాహం తీర్చుకొనుటకు మొదటి గ్లాసు అందుకొనడు. నలుగురిలో తానొక్కడే వేరుపడిపోతానేమోనన్న భయంతో అందుకొంటాడు.

చదువు కోసం, ఉద్యోగం కోసం అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుండి ఎందరో తెలుగు యువకులు బెంగళూరుకు వస్తుంటారు. కన్నవారు దూరాన ఉంటారు. అద్దెగదిలోని మిత్రులే బంధువులు. పరీక్ష నెగ్గినా, తప్పినా మద్యంతోనే విందు జరిగే బృందంలో "వద్దు" అన్నవాడు పరాయివాడవుతాడు. "ఒక్క గుక్కే కదరా!" అన్న మాట అతని నిశ్చయాన్ని సడలిస్తుంది.

ఈ బలహీనతకు శాస్త్రీయమైన ఆధారమున్నది. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్‌లు తమ పరిశోధనను 2005లో ప్రకటించారు. కారు నడిపే కంప్యూటరు ఆటలో, మిత్రులు చెంతనున్నప్పుడు 13–16 ఏండ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికంటె ఎంతో ఎక్కువ ప్రమాదాలకు తెగించారు. 24 ఏండ్లు దాటినవారిలో ఆ తేడా దాదాపు కానరాలేదు.

పరిసరాల ప్రభావమూ తక్కువది కాదు. ఆహారానికి ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపించగా, కొన్నాళ్లకు ఆ శబ్దానికే కుక్కల నోట లాలాజలం ఊరుటను రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ గమనించాడు. తాగుడు మరిగినవానికీ అంతే. శనివారపు సాయంత్రం, పరిచయమైన వీధి మలుపు, గ్లాసుల చప్పుడు చాలు. మద్యం కంటబడకముందే తృష్ణ మేల్కొంటుంది. కనుక మనసు గట్టిచేసుకొమ్మన్న ఉపదేశమొక్కటే చాలదు. ఆ సాయంత్రానికి వేరొక చోటు, వేరొక తోడు కావాలి.

చెరచగల సహవాసమే కాపాడనూ గలదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు వాచకంలోని సీతమ్మ కథలో తమ బ్రతుకులనే చూచుకొన్నారు. ఏ ఇల్లాలూ ఒంటరిగా చేయలేని పనిని రోశమ్మ మొదలైనవారు కలిసి చేశారు. ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లో సడలిపోయింది. చట్టాలు వస్తాయి, పోతాయి. పిల్లవాని పక్కన కూర్చునే మిత్రుడు ఎవరన్న ప్రశ్న మాత్రం నిలిచే ఉంటుంది.

తల్లిదండ్రులు మార్కులతోపాటు బిడ్డల స్నేహాలనూ తెలుసుకొందురు గాక. నగరంలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు, ఊరి నుండి కొత్తగా వచ్చిన పిల్లలను సెలవు సాయంత్రాలలో తమ ఇంటి భోజనానికి పిలుతురు గాక. విద్యార్థులు, "వద్దు" అన్న మిత్రుని గేలి చేయక అతని సరసన నిలుతురు గాక. అలవాటు బిగుసుకొన్నవారికి ఈ నగరంలోనే నిమ్‌హాన్స్‌లో చికిత్స ఉన్నది. ఆ గడప వరకు తోడు వెళ్లవలసినవాడూ మిత్రుడే.