గుండె కండరంలో ఒక పడుగు తప్పు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 మార్కండేయ మహర్షిని, దేవల మహర్షిని తలచుకుని నా మాటలు మొదలుపెడతాను.

ఆరోగ్యం మీద ఏదైనా చెప్పమని నిర్వాహకులు అడిగారు. షుగరు, బీపీ గురించి ప్రతి క్యాంపులో వింటూనే ఉన్నారు. అందుకని నేను గుండె కండరం లోపల జరిగే ఒక సంగతి ఎంచుకున్నాను. "ఫలానా ఆయన నిన్నటిదాకా బాగానే ఉన్నాడు, మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు" అనే మాట మన ఇళ్లలో వింటుంటాం. తలరాత అనేసి ఊరుకుంటాం. అలాంటి మరణాలకు కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ఒక కారణం మీద హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేసిన పని ప్రతి కుటుంబానికీ తెలియాలి.

ముందు గుండె సంగతి. అది రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. మన మరమగ్గానికైనా రిపేరు రోజు ఉంటుంది, గుండెకు అది కూడా లేదు. దాని కండరాన్ని బాగా పెద్దది చేసి చూస్తే అందులో రెండు రకాల పోగులు పక్కపక్కన పేర్చి ఉంటాయి. లావు పోగు పేరు మయోసిన్, సన్న పోగు పేరు ఆక్టిన్. సన్న పోగులు లావు పోగుల మధ్యకు జారితే గుండె ముడుచుకుంటుంది, వెనక్కి జారితే సడలుతుంది. ఈ లావు పోగులను అంటిపెట్టుకుని, జారుడు మరీ ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా చూసే ఇంకో ప్రోటీన్ ఉంది. దాన్ని మయోసిన్ బైండింగ్ ప్రోటీన్-సి అంటారు. మన కథంతా దాని గురించే.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఈ ప్రోటీన్‌లో అవి 1,274 ఉంటాయి. గొలుసు తయారైతే చాలదు, అది సరైన ఆకారంలో మడత పడాలి. కండె మీద నూలు ఉన్నంత మాత్రాన చీర కాదు కదా! ఎలా మడత పడాలో ఆ గొలుసులోనే రాసి ఉంటుందని చూపిన క్రిస్టియన్ అన్ఫిన్సెన్‌కు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే కణం లోపల సంతలో ఉన్నంత రద్దీ. మడత పడుతున్న గొలుసు పక్కదానికి అతుక్కుని చిక్కు పడిపోవచ్చు. చిక్కు పడకుండా పక్కన నిలబడి సర్దే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. వాటిని షాపెరోన్లు అంటారు. ఆసు పోసేటప్పుడు పక్కన ఒకరు నిలబడి పోగులు విడదీస్తూ ఉంటారు చూడండి, అలాంటి పని.

వాటిలో ఆల్ఫా-బి క్రిస్టలిన్ అనేది మన కంటి కటకంలోనూ ఉంది, గుండె కండరంలోనూ ఉంది. ఫ్రాన్సులో ఒక కుటుంబంలో ఈ ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయినందువల్ల కండరాల జబ్బు, గుండె జబ్బు, కంట్లో శుక్లం వస్తున్నాయని 1998లో తేలింది. ఆ మార్పు జరిగితే ప్రోటీన్ ఆకారం ఎలా చెడుతుందో, సర్దే పని ఎలా తగ్గిపోతుందో సీసీఎంబీలో చి. మోహనరావు గారి బృందం 1999లో చూపింది. సర్దే మనిషికే జబ్బు చేస్తే మగ్గం ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎంత సర్దినా కొన్ని ప్రోటీన్లు పాడవుతూనే ఉంటాయి. కణం వాటికి యుబిక్విటిన్ అనే చిన్న చీటీ అంటిస్తుంది. చీటీ ఉన్నదాన్ని ప్రోటియాసోమ్ అనే యంత్రం ముక్కలు చేసేస్తుంది, ఆ ముక్కలు మళ్లీ వాడుకలోకి వస్తాయి. ఈ చీటీ పద్ధతిని కనిపెట్టిన ముగ్గురికి 2004లో నోబెల్ వచ్చింది. రక్తం సరిగా అందకపోయినా, బీపీ ఎక్కువ రోజులు ఉన్నా ఈ పాడైన సరుకు పెరుగుతుంది. అప్పుడు కణం కొత్త తయారీ తగ్గించి, సర్దే ప్రోటీన్లను పెంచుకుంటుంది. దాన్నే కణ ఒత్తిడి అంటారు. ఎంతకీ సర్దుబాటు కాకపోతే ఆ కణం చనిపోతుంది.

చర్మం కణాలు పోతే కొత్తవి వస్తాయి. గుండె కండర కణాలు అలా కాదు. పాతికేళ్ల మనిషిలో ఏడాదికి నూటికి ఒక్క కణం మారితే గొప్ప, వయసు పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. అంటే ఉన్న మగ్గాన్నే బాగుచేసుకుంటూ జీవితమంతా నేయాలి.

ఇక అసలు సంగతి. పెరుందురై ధండపాణి, సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, వారితోపాటు దేశవిదేశాల పరిశోధకులు కలిసి 2009లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నేను చెప్పిన మయోసిన్ బైండింగ్ ప్రోటీన్-సి జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయి ఉండటం మన దేశపు గుండె రోగుల్లో వాళ్లు చూశారు. ఆ లోపం వల్ల ప్రోటీన్ తోక భాగం తప్పుగా తయారవుతుంది. లావు పోగును పట్టుకునేది ఆ తోకే. పట్టు తప్పిన ప్రోటీన్‌ను కణాల్లో పెట్టి చూస్తే కండరం పోగుల వరస చెదిరిపోయింది.

ఈ లోపం ఉన్నవారికి గుండె బలహీనపడే అవకాశం లేనివారికంటే దాదాపు 7 రెట్లు ఎక్కువని వాళ్ల లెక్క తేల్చింది. భారత ఉపఖండం మూలాలున్న జనంలో ఇది సుమారు 4 శాతం మందిలో ఉందట. అంటే వందకు నలుగురు. ప్రాంతాన్ని బట్టి, కులాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. ఇది మన కులానిదే అని గానీ, మనలో లేదని గానీ ఎవరూ అనుకోవద్దు.

ఇంత చెడ్డ లోపం ఇంతమందిలో ఎలా మిగిలింది? శాస్త్రవేత్తల వివరణ ఇది. వయసులో ఉన్నప్పుడు కణం ఆ తప్పు ప్రోటీన్‌ను ఎప్పటికప్పుడు ముక్కలు చేసి పారేస్తుంది. మనిషికి ఏమీ తెలియదు. వయసు మళ్లేకొద్దీ ఆ పారవేత మందగిస్తుంది. చెడ్డ సరుకు పోగుపడుతుంది. అప్పటికి పెళ్లి, పిల్లలు అన్నీ అయిపోయి ఉంటాయి. లోపం తరువాతి తరానికి వెళ్లిపోయి ఉంటుంది. ఇలా సుమారు 30 వేల ఏళ్లుగా నడుస్తోందని వాళ్ల అంచనా.

నేతలో పేక తప్పు పడితే అక్కడికే ఉంటుంది. పడుగు పోగు అచ్చులో తప్పుగా ఎక్కితే గుడ్డ చివరిదాకా గీత పడుతుంది. పొగాకు వల్ల, తిండి వల్ల వచ్చేది పేక తప్పు. జన్యువులో ఉన్నది పడుగు తప్పు. గీత కనబడగానే మంచి నేతగాడు గుడ్డను తిట్టడు, అచ్చు దగ్గరికి వెళ్లి చూస్తాడు. మనమూ అదే చేయాలి.

ఇక్కడ మేనరికం మాట చెప్పక తప్పదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఇద్దరికీ ఉంటే, నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు రెండు వైపుల నుంచీ వస్తుంది. అలాంటి పిల్లలకు చిన్నతనంలోనే గుండె జబ్బు తీవ్రంగా రావచ్చు. మనం సంబంధం చూసేటప్పుడు గోత్రం అడుగుతాం, ఒకే గోత్రమైతే వద్దంటాం. కానీ గోత్రం తండ్రి వైపు మాత్రమే నడుస్తుంది, జన్యువు రెండు వైపులా నడుస్తుంది. మేనమామ కూతురి గోత్రం వేరు, రక్తం మాత్రం ఎనిమిదో వంతు ఒకటే. అక్క కూతుర్ని చేసుకుంటే నాలుగో వంతు ఒకటే. పరాయి రాష్ట్రంలో ఉన్న మనకు సంబంధాలు దొరకడం కష్టమై దగ్గరివాళ్లలోనే ఇచ్చిపుచ్చుకున్నాం. పెద్దలను తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇకముందు తెలిసి నిర్ణయం తీసుకుందాం అంటున్నాను.

భయపడవద్దు కూడా. ఈ లోపం ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. చాలామంది మామూలుగా బతుకుతున్నారు. దీనితోపాటు అదే జన్యువులో ఇంకో మార్పు కూడా ఉన్నవారిలో గుండె పనితీరులో తేడా ఎక్కువగా కనబడిందని అమెరికాలోని దక్షిణాసియా వాళ్ల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అంటే ఒక్క పోగు చూసి మొత్తం గుడ్డ మీద తీర్పు చెప్పలేం.

మరి ఏం చేయాలి? ఇంటికి వెళ్లాక ఒక కాగితం తీసుకోండి. తాతలు, మేనమామలు, మేనత్తలు, పెదనాన్నలు, వాళ్ల పిల్లలు ఎవరు ఏ వయసులో పోయారో, ఎలా పోయారో రాయండి. మగవాళ్లకు గుర్తుండదు, అమ్మమ్మలను, నాయనమ్మలను అడగండి. 50 ఏళ్లలోపు హఠాత్తుగా పోయినవారు, పని చేస్తూ కళ్లు తిరిగి పడిపోయినవారు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినవారు, కాళ్లు వాచినవారు ఉంటే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. ఈసీజీ, ఎకో పరీక్షల్లో కండరం మందమైందా, గుండె సాగిందా అన్నది తెలుస్తుంది. అవసరమని డాక్టరు అంటే జన్యు పరీక్ష ఉంది. గుండె బలహీనతకు ఈ రోజు మందులున్నాయి. తొందరగా తెలిస్తే లాభం ఎక్కువ.

లోపం మన చేతిలో లేదు, దాని మీద వేసే బరువు మన చేతిలో ఉంది. బీపీ అదుపులో పెట్టుకోండి, మాత్రలు మధ్యలో మానకండి. గుట్కా, తంబాకు, బీడీ వదలండి. సోలాపూర్‌లో మన ఆడవాళ్లు ఎందరో బీడీలు చుట్టి ఇల్లు నడిపారు. ఆ కష్టానికి దండం పెడతాను, కానీ ఆ బీడీ మన ఇంట్లో ఎవరూ కాల్చవద్దు.

చివరగా ఒక్క విన్నపం. ఎవరింట్లోనైనా ఈ లోపం ఉందని తెలిస్తే అది పెళ్లి సంబంధాల దగ్గర చెవులు కొరుక్కునే మాట కాకూడదు. అలా చేస్తే రేపటి నుంచి ఎవరూ పరీక్షకు రారు, చెప్పరు, దాచుకుంటారు. దాచిన ఇంటికే నష్టం ఎక్కువ. వందకు నలుగురిలో ఉన్నదంటే అది ఒక ఇంటి మచ్చ ఎలా అవుతుంది? సమాఖ్య యువజన విభాగం ప్రతి ఊరి శాఖలో ఏడాదికి ఒకసారి ఎకో పరీక్షల క్యాంపు పెట్టాలని, అక్కడ తెలిసిన వివరం ఆ కుటుంబం దగ్గరే ఉంచాలని కోరుతున్నాను.