ప్రివ్యూ థియేటర్ గేటు బయట

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో ప్రివ్యూ థియేటర్లకు కొదవలేదు. కానీ అవి విడుదలకు ముందు పంపిణీదారులకూ, సెన్సారు సభ్యులకూ, దర్శకుడి చుట్టాలకూ తెరుచుకునే తలుపులు. టికెట్టు కొనుక్కుని మంచి పాత సినిమా చూద్దామంటే మనకక్కడ కుర్చీ లేదు. పరిశ్రమ ఇంత దగ్గరుండీ ఈ లోటేమిటో!

పక్కనే బంజారాహిల్స్‌లో ‘లామకాన్’ ఉంది. ఫొటోగ్రాఫర్, డాక్యుమెంటరీలు తీసిన ఎం. హసన్ గారి ఇల్లది. 2010 నుంచి అందరి వేదికైంది. నాటకాలూ, చర్చలతో పాటు అప్పుడప్పుడూ సినిమాలూ వేస్తారు. చాయ్, సమోసా అక్కడే దొరుకుతాయి.

ఇలాంటి చోట్ల చూడాల్సిన తెలుగు చిత్రాలు మనకున్నాయి. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథతో మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’ తీశారు. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’కి బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు. ఆయనే దర్శకత్వం వహించిన ‘దాసి’తో అర్చన జాతీయ ఉత్తమ నటి అయ్యారు.

2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఆయన సినిమాలను దేశంలోని పలు నగరాల్లో మళ్లీ పెద్ద తెరకెక్కించింది. ‘దేవదాసు’ను థియేటర్లో చూసే వీలు అలా దొరికింది. ‘దాసి’కి ఆ అదృష్టం ఎప్పుడో! లామకాన్ కార్యక్రమాల పట్టిక మాత్రం చూస్తూ ఉండండి.