కానరాని బలమును తూచుట



పొడిగాలి వీచు శీతకాలమున దువ్వెనతో తల దువ్వుకొని, ఆ దువ్వెనను చిన్న కాగితపు ముక్కల దగ్గరకు తెచ్చినచో అవి లేచి దానిని అంటుకొనును. పిల్లలకిది వినోదము. కాని నిదానించి చూడుడు. ఆ కాగితపు ముక్కను క్రిందికి లాగుచున్నది యావద్భూగోళము. పైకి లాగుచున్నది ఒక్క దువ్వెన. ఈ పెనుగులాటలో దువ్వెనయే గెలుచుచున్నది! కంటికి కానరాని ఈ బలమును తూచుటకు ఉపాయమేమైన కలదా? కలదు. ఒక మేకు, రెండు దారములు, ఒక కొలబద్ద, ఒక పలక ఉన్నచో చాలును. ఆ ఉపాయమును మీకు విన్నవించుటయే నేటి ప్రసంగ విషయము.

అంబరు అనునది పూర్వయుగములనాటి చెట్ల బంక గట్టిపడగా ఏర్పడినది. దానిని రుద్దినచో తేలిక వస్తువులను లాగికొనునని ప్రాచీన గ్రీకులు ఎరుగుదురు. వారి భాషలో అంబరునకు ఎలక్ట్రాన్ అని పేరు. ఎలక్ట్రిసిటీ అను మాట దానినుండియే పుట్టినది. ఫ్రాన్సు దేశీయుడగు ద్యుఫే 1733లో ఈ విద్యుత్తు రెండు విధములని తెలిసికొనెను. గాజును రుద్దగా పుట్టునది ఒకటి. లక్క, అంబరు మొదలగువానిని రుద్దగా పుట్టునది వేరొకటి. ఒకే జాతివి రెండు ఒకదానినొకటి త్రోసికొనును. భిన్న జాతులవి లాగికొనును. పిమ్మట అమెరికా దేశీయుడగు ఫ్రాంక్లిన్ వీనికి ధనము, ఋణము అను వ్యవహారము కల్పించెను. వస్తువునందు చేరిన ఈ విద్యుత్తునే విద్యుదావేశమందురు.

ఈ బలమునకు లెక్క కట్టినవాడు ఫ్రెంచి సైన్యమున ఇంజనీరుగా పనిచేసిన కూలుంబు. సన్నని తీగకు ఒక పుల్లను అడ్డముగా వ్రేలాడదీసి, ఆవేశముల త్రోపుడువలన ఆ తీగ ఎంత మెలిపడునో కొలిచి, 1785లో తన నియమమును ప్రకటించెను. దాని సారమిది: ఒక ఆవేశమును రెండింతలు చేసినచో బలము రెండింతలగును, దూరమును రెండింతలు చేసినచో బలము నాలుగవ వంతునకు, మూడింతలు చేసినచో తొమ్మిదవ వంతునకు తగ్గును.

ఇక మన ప్రయోగమునకు వత్తము. పెండ్లి బాసికములకు వాడు జీలుగుబెండుతో చిన్న ఉసిరికాయలంత గుండ్లు రెండు చేసి, ఒకే మేకునకు రెండు పట్టుదారములతో వ్రేలాడదీయుడు. పట్టుగుడ్డతో రుద్దిన గాజుకడ్డీని రెంటికిని తాకించినచో రెండును ధనావేశమును పొంది, ఎడముగా జరిగి నిలుచును. వానకాలపు తేమగాలిలో ఆవేశము నిలువదు గనుక పొడి దినములలోనే దీనిని చేయవలయును.

ఇప్పుడు పలక చేతబట్టుడు. తగవు తీర్చు పెద్దలు ఇరుపక్షముల మాటలను కలగాపులగముగా వినరు. ఒక్కొక్కరిని వేరుగా పిలిచి విందురు. ఇచటను అట్లే చేయవలయును. రెండు గుండ్లను, దారములను, మేకును కలిపి గీయరాదు. ఒక్క గుండును మాత్రమే చుక్కగా గీసి, "దీనిని ఎవరు లాగుచున్నారు? ఎవరు త్రోయుచున్నారు?" అని ప్రశ్నింపవలయును. భూమి క్రిందికి లాగుచున్నది. అది ఒక బాణము. దారము తన వెంబడి ఏటవాలుగా పైకి లాగుచున్నది, అది రెండవది. రెండవ గుండు ప్రక్కకు త్రోయుచున్నది, అది మూడవది. గాలివలన కలుగు బలము స్వల్పము గనుక విడిచిపెట్టుదము. దీనినే నేటి పాఠ్యపుస్తకములలో స్వేచ్ఛావస్తు పటమందురు. ఇందు మరువరాని కట్టడి ఒకటి కలదు: ఈ గుండుపై ఇతరములు చేయు బలములే ఈ పటమున చేరవలయును. ఈ గుండు రెండవదానిని త్రోయు బలము రెండవదాని పటమునకు చెందును. విద్యార్థులు పొరపడునది తరచుగా ఇచటనే.

గుండు కదలక నిలిచియున్నది గనుక మూడు బాణములును సరితూగుచున్నవి. దారపు లాగుడులో నిలువు భాగము బరువును, అడ్డ భాగము త్రోపుడును ఆపుచున్నవి. కావున గుండు మేకునుండి ప్రక్కకు జరిగిన దూరమునకును, మేకు క్రింద దిగియున్న లోతునకును ఎట్టి నిష్పత్తి కలదో, విద్యుద్బలమునకును బరువునకును అట్టి నిష్పత్తియే కలదు.

దారము పొడవు 50 సెంటీమీటర్లు, గుండు బరువు గ్రాములో పదవ వంతు, గుండ్ల నడుమ దూరము 10 సెంటీమీటర్లు అనుకొందము. ఒక్కొక్క గుండు ప్రక్కకు జరిగినది 5 సెంటీమీటర్లు. లోతు సుమారు 50. కావున విద్యుద్బలము బరువులో పదవ వంతు, అనగా 10 మిల్లీగ్రాముల బరువునకు సమానము. దీనిని కూలుంబు నియమమున ఉంచి లెక్కించినచో, ఒక్కొక్క గుండునుండి సుమారు 6,500 కోట్ల ఎలక్ట్రానులు తొలగినవని తేలును! ఏ భూతద్దమునకును కానరాని కణములను మనము దారముతో, కొలబద్దతో లెక్కించితిమి.

ఇంకొక ప్రశ్న. సమానమైన బరువుగల రెండు గుండ్లలో ఒకదానికి రెండింతల ఆవేశమిచ్చినచో ఏది ఎక్కువ ఎడముగా జరుగును? తక్కువ ఆవేశము గలదే బలహీనమై ఎక్కువ జరుగునని పలువురు తలంతురు. రెండు పటములను వేరువేరుగా గీసి చూడుడు. మొదటిది రెండవదానిని ఎంత త్రోయునో, రెండవది మొదటిదానిని అంతే త్రోయును. ఇది 1687లో న్యూటను చెప్పిన సూత్రమే. బాణములు సమానములు గనుక రెండును సమానముగనే జరుగును. బలవంతుడెవరని ముందుగా తలపోసిన తీర్పు పటము ముందు నిలువదు.

మొదటి కాగితపు ముక్కకును ఈ పద్ధతియే సమాధానము చెప్పును. దువ్వెనయందు ఋణావేశమున్నదనుకొందము. అది కాగితమునందలి ఋణావేశమును కొంచెము వెనుకకు త్రోయును. దగ్గరి ముఖమున ధనావేశము తేలును. కాగితపు పటమున ఇప్పుడు దగ్గరి ముఖమును లాగు బాణము, దూరపు ముఖమును త్రోయు బాణము, బరువు అని మూడు కలవు. దూరము తక్కువైన కొలది బలము పెరుగును గనుక లాగుడే మిన్న. ఆ మిగులు బరువును మించినప్పుడు కాగితము లేచును.

మేఘమునందును ఇదియే న్యాయము. మెరుపు విద్యుత్తేయని 1752లో ఫ్రాంక్లిన్ సూచన ననుసరించి ఫ్రాన్సులో జరిగిన ప్రయోగము నిరూపించెను. ఉరుము మేఘపు అడుగున సాధారణముగా ఋణావేశముండును. దాని క్రింది నేలపై ధనావేశము చేరును. ఆ లాగుడునకు గాలి తాళలేనప్పుడు పిడుగు పడును. ఎత్తుగా ఒంటరిగా నిలిచిన చెట్టు దానికి తరచుగా దారి యగుచున్నది. కావున ఉరుము వినబడగనే పొలమునందున్నవారు చెట్టు నీడను ఆశ్రయింపక పక్కా యింటికి చేరవలయును. పసులకాపరి పిల్లలకు, కూలీలకు ఈ మాట పెద్దలు చెప్పినచో ప్రాణములు నిలుచును.

కానరాని శక్తియనగానే భయపడుట ఒక మార్గము. ఒక్క వస్తువును వేరుచేసి, దానిపై పనిచేయు బలములనన్నిటిని, వానిని మాత్రమే వ్రాసి, లెక్క చూచుట మరియొక మార్గము. మీ మనుమలు పలకపై చుక్క పెట్టి బాణములు గీయుచున్నప్పుడు పిచ్చిగీతలని త్రోసివేయకుడు. "ఈ బాణము ఎవరిది?" అని ఒక్కొక్కదానిని గూర్చి అడుగుడు. సరియైన సమాధానము రానిచో ఆ బాణమును తుడిపివేయుమనుడు.