రోడ్డు పని డ్రైవరు కంటికి కనిపించాలి

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

నేను ఉర్దూ మీడియం పంతులిని. నా తెలుగులో తప్పులుంటే మన్నించాలి.

నా తరగతిలో ఒక అబ్బాయి బడికి రావడం మానేశాడు. సంగతేమిటో కనుక్కుందామని ఇంటికి వెళ్లాను. తండ్రి కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. రాత్రిపూట మోటారు సైకిలు మీద వస్తూ కల్వర్టు కోసం తవ్విన గుంతలో పడ్డాడట. "అడ్డంగా తారు డ్రమ్ము పెట్టారు మాస్టారూ. నల్ల డ్రమ్ము చీకట్లో ఎట్లా కనిపిస్తుంది?" అన్నాడు. పిల్లవాడు హోటల్లో కప్పులు కడుగుతున్నాడు.

లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, గ్రహించి, బ్రేకు వేయడానికి రెండున్నర సెకన్లు అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. అంటే బ్రేకు పడకముందే 40 మీటర్లు దాటిపోతాయి. పూర్తిగా ఆగడానికి 80 మీటర్లు కావాలి. మరి గుంత ప్రక్కనే బోర్డు పెడితే ఏమి లాభం? అందుకే 2014లో సవరించిన వారి మార్గదర్శక సూత్రాలలో పని స్థలానికి చాలా ముందునుంచే హెచ్చరిక మొదలు కావాలన్నారు.

రెండవది వెలుగు. సున్నం కొట్టిన రాయి మీద పడిన వెలుగు అన్ని వైపులా చెదిరిపోతుంది. రిఫ్లెక్టివ్ షీటు దానిని వచ్చిన వైపే, అంటే డ్రైవరు కళ్లవైపే, తిప్పి పంపుతుంది. కూలీలు తొడిగే జాకెట్టు మెరుపు రంగు పగటికి. రాత్రి కాపాడేది దాని మీది రిఫ్లెక్టివ్ పట్టీ. దుమ్ము పడితే అదీ గుడ్డిదే. రోజూ సాయంత్రం తుడవాలి.

భద్రతా ప్రమాణాలు పాటించక ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులైన కాంట్రాక్టరుకు, అధికారులకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చునని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. మంచిదే. కాని ఆ జరిమానా నా విద్యార్థికి పోయిన సంవత్సరాన్ని తెచ్చి ఇస్తుందా?

మన తప్పూ ఉంది. ఇల్లు కట్టేటప్పుడు కంకర వీధిలోనే పోయిస్తాం. పెళ్లిపందిరి గుంతలు పూడ్చకుండా వదిలేస్తాం. సంఘం తరఫున నాలుగు రిఫ్లెక్టివ్ బోర్డులు కొని ఉంచితే, కావలసినవారు తీసుకువెళ్లి, పని కాగానే తిరిగి ఇస్తారు.

దారిలోని అడ్డు తొలగించటం కూడా ఈమాన్‌లో భాగమేనని మన ప్రవక్త (స) బోధించారు. తొలగించలేనప్పుడు కనీసం అది కనబడేటట్లయినా చేద్దాం.