గిటారు శ్రుతి – ట్యూనరు ఎంపిక
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



మన పాఠశాలలో గిటారు నేర్చుకొనుచున్న బాలబాలికల తల్లిదండ్రులు కొంతకాలముగా మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు. ‘‘అయ్యా, గిటారు కొంటిమి, దానికి సంచి కొంటిమి, తంత్రులు కొంటిమి. ఇప్పుడు ట్యూనరు కూడ కావలెనట. అది లేకున్న జరుగదా? కొనక తప్పదన్నచో ఎంతలో కొనవలెను?’’ అని. ఒక్కొక్కరికి వేరువేరుగా బదులు చెప్పుటకంటె అందరును కూడియున్న ఈ సభలో చెప్పుట మేలని తలంచితిమి. మేము సంగీత విద్వాంసులము కాము. సంగీతోపాధ్యాయులతో చర్చించి, పిల్లల చేతులలోని పరికరములను పరిశీలించి గ్రహించిన సంగతులనే మీ ముందుంచుచున్నాము.

ఇది కొన్ని వందల రూపాయల చిన్న వస్తువును గూర్చిన మాట యని తోచవచ్చును. కాని దీని వెనుక అంతకంటె పెద్ద విషయమొకటి యున్నది. గిటారు మొదలుపెట్టిన పిల్లలలో కొందరు రెండు మూడు నెలలలోనే దానిని అటకమీదికి చేర్చుదురు. కారణమడిగినచో పెద్దలు చెప్పు మాట ఒక్కటే: ‘‘మావానికి సంగీతజ్ఞానము లేదండీ.’’ ఆ మాట బిడ్డ వినుచుండగనే అందురు. అది వాని మనస్సులో నాటుకొనును. అట్టి గిటారును తెప్పించి మీటి చూచినచో లోపము బిడ్డలో గాక తంత్రులలో కనబడుట కలదు. వ్రేళ్ళు సరియైన మెట్లమీదనే యున్నను, శ్రుతి తప్పిన వాద్యము అపస్వరమే పలుకును. ఆలోచించి చూడుడు: సంగీతజ్ఞానము లేనివాడు అపస్వరమును గుర్తింపజాలడు. తన వాద్యము వినసొంపుగా లేదని విసుగుచెందిన బిడ్డకు చెవి యున్నదన్నమాట! చెవి యున్నవానినే చెవి లేనివాడని మానిపించుచున్నాము. ఇంతకంటె అన్యాయమేమి కలదు?

కొందరు పెద్దలు ‘‘గిటారు మనది కాదు గదా, దానికింత శ్రమ యేల?’’ అని అడుగుదురు. ఫిడేలు మాత్రము మనదా? అదియు పరదేశమునుండి వచ్చినదే. 1893లో బెంగుళూరులో జన్మించి, విజయనగరము సంగీత కళాశాలకు అధ్యక్షత వహించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది మన వాద్యమైనది. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారి చేతిలో మాండలిన్ మన వాద్యమైనది. వాద్యము ఎచ్చటనుండి వచ్చినదన్నది ముఖ్యము కాదు. అది శ్రుతిలో నున్నదా లేదా యన్నదే ముఖ్యము. శ్రుతి తల్లి, లయ తండ్రి యని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

ఇక విషయమునకు వత్తము. గిటారునకు ఆరు తంత్రులు. లావుపాటి ఆరవ తంత్రినుండి సన్నని ఒకటవ తంత్రివరకు వాని స్వరములు వరుసగా ఈ, ఏ, డి, జి, బి, ఈ. హార్మోనియము ఎరిగిన తల్లిదండ్రులకు మన లెక్కలో చెప్పవలెనన్నచో అవి వరుసగా మూడు, ఆరు, రెండు, అయిదు, ఏడు, మూడు శ్రుతులు. ఆరవ తంత్రి సెకనుకు 82.41 పర్యాయములు కంపించవలెను. అయిదవది 110, నాలుగవది 146.83, మూడవది 196, రెండవది 246.94, ఒకటవది 329.63 పర్యాయములు. ఈ లెక్కలన్నిటికి మూలము మధ్యస్థాయికి పైనున్న ‘ఏ’ స్వరము సెకనుకు 440 కంపనములని పెట్టుకొన్న కొలత. 1939లో లండనులో జరిగిన సమావేశము ఈ కొలతను సూచించెను. 1955లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ దానిని అంగీకరించెను.

స్వరముల నడుమ నుండు తేడాను కొలుచుటకు ‘సెంటు’ అను కొలత కలదు. దీనిని 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ అను ఆంగ్లేయ పండితుడు ప్రచారములోనికి తెచ్చెను. గిటారుమీద ఒక మెట్టునకు 100 సెంట్లు. ఒక స్థాయికి 1200 సెంట్లు. ట్యూనరు పెట్టెమీద ‘ఒక సెంటు వరకు కచ్చితము’ అని వ్రాసియుండుటకు అర్థమిదే. అయిదారు సెంట్ల తేడాను సాధారణమైన చెవి గుర్తించుట కష్టము. కావున మన పిల్లలకు ఒక సెంటు కచ్చితము చాలును. అంతకు మించిన సూక్ష్మతకై వేల రూపాయలు పోయనక్కరలేదు.

గిటారు శ్రుతి యేల తప్పును? క్రొత్త తంత్రులు కొన్నాళ్ళు సాగుచుండును. గాలిలోని చెమ్మకు కొయ్య ఉబ్బును, ఎండకు కుంచించుకొనును. మన చెన్నపట్టణపు సముద్రపుగాలికి ఈ మార్పు నిత్యము. బిరడలు వదులైనను, తంత్రులు త్రుప్పుపట్టినను శ్రుతి నిలువదు. కావున ఒకనాడు శ్రుతి చేయించి నెల రోజులు వాయింతమనుట చెల్లదు. వాయించు ప్రతి పర్యాయము శ్రుతి చూచుకొనవలెను. ప్రతిదినము గురువు ఇంటికి రాలేడు గనుకనే ట్యూనరు అవసరమైనది.

శ్రుతి చూచు సాధనములు పలువిధములు. అన్నిటిలో పాతది శ్రుతిదండము, అనగా ట్యూనింగ్ ఫోర్కు. దీనిని 1711లో జాన్ షోర్ అను ఆంగ్ల వాద్యకారుడు కనిపెట్టెను. దీనికి బ్యాటరీ లేదు, పాడగుట లేదు. కాని ఇది ఒక్క స్వరమునే ఇచ్చును. తక్కిన అయిదు తంత్రులను చెవితోనే సరిచేయవలెను. ఆరంభదశలోనున్న బిడ్డకు అది భారము. 1936లో అమెరికాలో వచ్చిన స్ట్రోబ్ యంత్రము మిక్కిలి సూక్ష్మమైనది. ఆ జాతి పరికరములు వాద్యములు చేయువారికి, మరమ్మతు చేయువారికి తగినవి. 1975లో జపాను దేశపు కోర్గ్ సంస్థ చేత పట్టుకొనదగిన, సూచి గల ట్యూనరును తెచ్చినది. నేటి చిన్న పరికరములన్నియు ఆ వంశమువే.

ఇప్పుడు మన యెదుట నున్నవి మూడు మార్గములు. మొదటిది సెల్ ఫోనులోని యాప్. ఇందులో ఖర్చు లేనివి అనేకము కలవు. ఇంటిలో, నిశ్శబ్దమైన గదిలో ఇవి చక్కగా పనిచేయును. కాని ఫోను మైకు అన్ని శబ్దములను వినును. ముప్పదిమంది పిల్లలున్న తరగతిలో ప్రక్కవాని గిటారును చూపి మనవానిని మోసగించును. కొన్ని యాప్‌లు మొదట ఉచితమని చెప్పి తరువాత నెలనెలకు రుసుము కోరును. శ్రుతికని ఇచ్చిన ఫోను పిల్లవాని చేతిలో ఎచ్చటికి పోవునో మీకు మేము చెప్పనక్కరలేదు.

రెండవది గిటారు తలకు తగిలించు క్లిప్పు ట్యూనరు. ఇది గాలిలోని శబ్దమును గాక కొయ్యలోని అదురును గ్రహించును. ఒత్తిడి తగిలిన స్ఫటికములో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన ధర్మమే దీనికి ఆధారము. అందుచేత ప్రక్కన ఎంత గోలయున్నను తన గిటారునే చూపును. సామాన్యమైనవి కొన్ని వందల రూపాయలకే దొరకును. పేరుపొందిన సంస్థలవి వేయి రూపాయలకు అటునిటుగా నుండును. మూడవది కాలితో నొక్కు పెడలు ట్యూనరు. ఇది వేదికమీద విద్యుత్ గిటారు వాయించువారికి ఉపయోగము. ధర వేలలో నుండును. మన పిల్లలకు అనవసరము.

కావున మా సలహా ఇది: ఇంటిలో మాత్రమే వాయించు బిడ్డకు మీ ఫోనులోని ఉచిత యాప్ చాలును. తరగతికి వచ్చు బిడ్డకు క్లిప్పు ట్యూనరు కొనుడు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఇద్దరు నేర్చుకొనుచున్నచో ఒక్కటి చాలును. ఫిడేలు, మాండలిన్ వాయించువారు ఇంటిలో నున్నచో పన్నెండు స్వరములను చూపు ‘క్రోమాటిక్’ రకమును కొనుడు. ఒక్క పరికరమే అన్నిటికి పనికివచ్చును.

అంగడిలో దానిని పరీక్షించుట యెట్లు? ధరను బట్టియో, పెట్టెను బట్టియో కాదు. గిటారునకు తగిలించి ఆరవ తంత్రిని మెల్లగా మూడు పర్యాయములు మీటుడు. మూడు పర్యాయములు ఒకే జవాబు రావలెను. ఆరవ తంత్రినే యేల చెప్పుచున్నామనగా, 10 సెంట్ల తేడా ఒకటవ తంత్రిలో సెకనుకు దాదాపు 2 కంపనములు. ఆరవ తంత్రిలో అర కంపనము కూడ నిండదు. నాసిరకపు ట్యూనరు తడబడునది ఇచ్చటనే. రెండవ పరీక్ష: శ్రుతిదండమును మ్రోగించి దాని కాడను గిటారు తలకు ఆనించుడు, ట్యూనరు ‘ఏ’ యని చూపి సూచి నడుమ నిలువవలెను. మూడవది: ఎండలోను, చీకటిలోను అక్షరములు కనబడవలెను. చిన్న తెరమీద బి, డి అను ఆంగ్లాక్షరములు ఒకదానివలె నొకటి కనబడినచో, రెండవ తంత్రిని డి వరకు బిగించి తెంపుకొను ప్రమాదము కలదు. నాలుగవది: క్లిప్పు గట్టిగా పట్టవలెను, దాని మెడ చేతికి వదులుగా తగులరాదు.

కొన్న తరువాత కొన్ని జాగ్రత్తలు. ట్యూనరులో 440 అను అంకెను మార్చు మీట యొకటి యుండును. పిల్లలు తెలియక నొక్కుదురు. అది 442 అయినచో గిటారంతయు దాదాపు 8 సెంట్లు హెచ్చును. ఒంటరిగా వాయించునపుడు తెలియదు, తరగతిలో కలసి వాయించినపుడు మాత్రము రొద పుట్టును. కావున మొదట 440 చూడవలెను. ఒక తంత్రిని మీటుచు మరియొక బిరడను త్రిప్పుట పిల్లలు చేయు సాధారణమైన పొరపాటు. సూచి కదలనిచో త్రిప్పుట ఆపవలెనని నేర్పుడు. స్వరమును దాటి పోయినచో క్రిందికి దింపి మరల పైకి తేవలెను. పైనుండి దింపి విడిచిన తంత్రి నిలువదు. పని ముగిసిన వెంటనే క్లిప్పును తీసి సంచిలో భద్రపరుపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఇది. ఈ పరికరములలో అనేకమునకు 2032 అను సంఖ్య గల నాణెమువంటి బ్యాటరీ యుండును. ఇంటిలో పసిపిల్లలున్నచో మిక్కిలి జాగ్రత్త! దానిని మ్రింగిన పసివాని గొంతులో అది ఇరుకుకొన్నచో రెండు గంటలలోనే లోపల కాల్చివేయగలదు. అనుమానము కలిగిన వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. బ్యాటరీ మూతకు మర యున్న రకమునే కొనుడు; పాతబ్యాటరీలను ఇంటిలో పడవేయకుడు.

చివరకు ఒక మాట. ట్యూనరు చెవికి ఊతకఱ్ఱ. చెవికి బదులు కాదు. బిడ్డ ముందు తంత్రిని మీటి, శ్రుతి హెచ్చినదా తగ్గినదా యని తానే చెప్పి, పిమ్మట ట్యూనరును చూడవలెను. తరువాత ఆరవ తంత్రిని అయిదవ మెట్టున నొక్కి అయిదవ తంత్రితో పోల్చి వినవలెను. అట్లే తక్కినవి, మూడవ తంత్రిని మాత్రము నాలుగవ మెట్టున నొక్కి రెండవ తంత్రితో పోల్చవలెను. రెండు నాదములు కలిసినచో అల యుండదు. కలియనిచో ఊయలవలె ఊగు అల వినబడును. ఆ అలను వినగలిగిన నాడు ఆ బిడ్డ సంగీతము నేర్చుకొనుట నిజముగా మొదలైనట్లే. ఇందుకు దినమునకు అయిదు నిమిషములు చాలును.

మీలో కొందరు పగలంతయు కష్టించి, నెల జీతములో మిగిల్చి పిల్లలకు వాద్యములు కొనుచున్నారు. ఆ ధనము అటకమీద ధూళి పట్టరాదు. ట్యూనరు కొను స్తోమత లేనివారు సంకోచింపవలదు. బిడ్డను పాఠమునకు పది నిమిషములు ముందుగా పంపుడు, మా ఉపాధ్యాయులు శ్రుతి చేసి ఇత్తురు. ఇకమీదట మీ బిడ్డ వాద్యము వినసొంపుగా లేనిచో, వానికి జ్ఞానము లేదనుటకు ముందు తంత్రుల శ్రుతి చూడుడు. ఇదియే మా ప్రార్థన.